చైనా టైల్స్ ఎగుమతి సగానికి పడింది, మరి చైనా తగ్గిందా? | పూర్తి రివ్యూ

నమస్తే అండి. మామూలుగా ఈ టేబుల్ మీద ఒక బాక్స్ పెట్టి, టైల్ బయటికి తీసి, గీసి, నీళ్లు పోసి చూపిస్తుంటాను కదా. ఈరోజు కూడా రెండు టైల్స్ ఉన్నాయి, కాసేపట్లో చూద్దాం. కానీ అసలు రివ్యూ వాటిది కాదు, చైనా టైల్స్ ఎగుమతి వ్యాపారానిది. ఎందుకంటే కామెంట్లలో ఒకటే ప్రశ్న పదే పదే వస్తోంది: "అన్నా, ఒకప్పుడు షోరూమ్‌కి వెళ్తే చైనా టైల్ అని గొప్పగా చూపించేవాళ్లు, ఇప్పుడు అంతా మోర్బీయే అంటున్నారు, చైనావాళ్లు ఏమైపోయారు?" మోర్బీ అంటే గుజరాత్‌లో టైల్ ఫ్యాక్టరీలకి పేరున్న ఊరు.

ఏమీ అయిపోలేదండి. నా మాట ముందే చెప్పేస్తాను, నచ్చకపోతే కింద వాదించండి. చైనా టైల్స్ అమ్మకం బయటి దేశాల్లో తగ్గింది, చాలా తగ్గింది, కానీ టైల్ వ్యాపారం మీద చైనా పట్టు మాత్రం ఏమీ సడలలేదు. టైల్ పంపించే బదులు టైల్ తయారు చేసే మెషిన్ పంపిస్తోంది, కొన్నిచోట్ల ఫ్యాక్టరీకి ఫ్యాక్టరీయే తీసుకెళ్లి పెడుతోంది. మీరు మోర్బీ టైల్ కొన్నా, అది కాలిన కిల్న్, అంటే బట్టీ, చైనాలోని ఫోషాన్ నుంచి వచ్చి ఉండొచ్చు.

ముందు లెక్క చూద్దాం. 2013లో చైనా బయటికి పంపిన టైల్స్ 110 కోట్ల చదరపు మీటర్ల పైన. మన షాపు భాషలో చదరపు అడుగుల్లో చెప్పుకుంటే దాదాపు 1200 కోట్లు. అదే 2022 వచ్చేసరికి 60 కోట్ల చదరపు మీటర్ల లోపుకి దిగింది, ఆ తర్వాత కూడా ఆ చుట్టుపక్కలే ఆడుతోంది. పదేళ్లలో సగం ఎగిరిపోయింది. ఇంత పెద్ద పరిశ్రమకి ఇంత దెబ్బ తగిలితే మామూలుగా మూతపడాలి. పడలేదు. ఎందుకు పడలేదో అర్థం కావాలంటే ఫోషాన్ గురించి కొంచెం మాట్లాడుకోవాలి.

ఫోషాన్ అంటే గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో, గ్వాంగ్‌జౌ పక్కనే ఉన్న ఊరు. అక్కడి షివాన్‌లో నాన్‌ఫెంగ్ అనే పాత బట్టీ ఉంది, 500 ఏళ్లుగా మంట ఆరకుండా కాలుతోందని చెప్పుకుంటారు. అంటే మట్టి కాల్చడం వాళ్లకి కొత్త కాదు. కొత్తగా వచ్చింది ఆటోమేటిక్ లైన్, అంటే వరుసగా మెషిన్లే టైల్ చేసే ఏర్పాటు. 1983లో ఫోషాన్‌లోని ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీ ఇటలీ నుంచి మొదటి ఆటోమేటిక్ టైల్ లైన్ తెప్పించుకుంది. ఆ లైన్‌ని చూసి, విప్పి, నేర్చుకుని, అలాంటి ప్రెస్సులు (మట్టిని నొక్కి టైల్ ఆకారం చేసే మెషిన్లు), పాలిషింగ్ మెషిన్లు, కిల్న్‌లు తామే చేయడం మొదలుపెట్టారు. 1992లో పుట్టిన కేడా అనే కంపెనీ అలా పాలిషింగ్ మెషిన్లతో మొదలై ఇవాళ ప్రపంచంలోని పెద్ద సిరామిక్ మెషిన్ కంపెనీల్లో ఒకటి. టైల్‌తో పాటు టైల్ మెషిన్ కూడా సొంతంగా చేసుకోవడం, నా లెక్కలో చైనా గెలుపంతా ఇక్కడే ఉంది. మనవాళ్లు ఈ ముక్క దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి.

సరే, ఇప్పుడు టేబుల్ మీదకి వద్దాం. ఇది పాత చైనా టైల్, టూ బై టూ, పాలిష్‌డ్ విట్రిఫైడ్, ఒకరి ఇంట్లో పని అయ్యాక మిగిలిన ముక్క. వెనక్కి తిప్పుతున్నాను, కెమెరాకి దగ్గరగా పెడతాను చూడండి. ఈ గళ్లు, బాణం గుర్తు, అడుగున మేడ్ ఇన్ చైనా అచ్చు. కంపెనీ పేరు ఎక్కడా లేదు. ఎగుమతి సరుకులో ఎక్కువ భాగం ఇలాగే వెళ్లేది, కొన్నవాడు తన బ్రాండ్ బాక్సులో వేసుకునేవాడు. వెనకవైపు నీళ్లు పోస్తున్నాను. చూశారా, పీల్చట్లేదు, బొట్టు బొట్టుగానే నిలబడింది. విట్రిఫైడ్ అంటే నీళ్లు పీల్చేది అర శాతం లోపు ఉండాలి, ఆ విషయంలో దీనికి వంక పెట్టలేం. అంచు మీద అంచు పెట్టి చూస్తే వంపు కూడా దాదాపు లేదు.

ముందు వైపు తిప్పితే అసలు కథ. పాలిష్ పట్టినప్పుడు పైపొరలో కంటికి కనపడని సన్నటి రంధ్రాలు తెరుచుకుంటాయి, వాటిని మూసేలా నానో కోటింగ్ రుద్దుతారు. అందుకే ఆ అద్దంలాంటి మెరుపు. తాండూరు బండలు, బేతంచర్ల బండలు వేసుకున్న ఇళ్లవాళ్లు ఆ మెరుపు చూసి పడిపోయారంటే ఆశ్చర్యం ఏముంది? కానీ నడిచేచోట ఏళ్లు గడిచేకొద్దీ ఆ కోటింగ్ అరుగుతుంది, టీ పడ్డా పసుపు పడ్డా మరక లోపలికి దిగుతుంది. ఇదిగో ఈ మూల మీద మార్కర్‌తో గీస్తున్నాను, తుడుస్తున్నాను, నీడ మిగిలిపోయింది. పక్కన ఉన్నది మోర్బీ జీవీటీ, అంటే పైన గ్లేజు (గాజులాంటి పూత) పోసి, డిజిటల్ ప్రింట్ వేసి కాల్చింది. దీని మీద అదే మార్కర్ పూర్తిగా పోయింది. ఇది చైనా టైల్ నాసిరకం అని చెప్పడానికి కాదండి, కాలం మారింది అంతే. చైనా కూడా ఇప్పుడు చేసేది ఎక్కువగా గ్లేజ్డ్ టైల్సే.

మరి ఎగుమతి ఎందుకు పడింది? మొదటి కారణం సుంకాలు. సొంత దేశంలో అమ్మే రేటు కంటే తక్కువకి బయట అమ్ముతున్నారని తేలితే, కొనే దేశం వేసే అదనపు పన్నే యాంటీ డంపింగ్ డ్యూటీ. చైనా టైల్స్ మీద దీన్ని వేయని పెద్ద మార్కెట్ వెతుక్కోవాల్సిందే. మన దేశం 2000ల మొదట్లోనే వేసింది, 2017లో మళ్లీ వేసింది. కొరియా 2006లో వేసింది. యూరప్ 2011లో దాదాపు 70 శాతం వరకు వేసి, గడువు తీరినప్పుడల్లా పొడిగిస్తూ వచ్చింది. ఇక అమెరికా చేసింది మామూలు దెబ్బ కాదు. 2019లో అక్కడి టైల్ కంపెనీలు కలిసి ఫిర్యాదు చేశాయి, 2020లో తీర్పు వచ్చింది, యాంటీ డంపింగే 200 శాతం దాటింది, దాని మీద సబ్సిడీలకు జవాబుగా వేసే సుంకం 300 శాతం పైన. రెండూ కలిపితే వంద రూపాయల సరుకు ఓడ దిగేసరికి ఆరేడు వందలవుతుంది. అంతకుముందు అమెరికాకి ఎక్కువ టైల్స్ పంపే దేశాల్లో చైనా ముందు వరుసలో ఉండేది. ఒక్కసారిగా తలుపు మూసుకుపోయింది.

అయితే ఒక చిన్న విషయం చెప్పాలి, నాకు ఇది చాలా ఇంట్రెస్టింగ్‌గా అనిపిస్తుంది. మార్కో పోలో అనే టైల్ బ్రాండ్ ఉంది, పేరు చూసి ఇటలీ అనుకోకండి, చైనాదే. వాళ్ల గ్రూపు ఆ తీర్పుకి ముందే అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, లెబనాన్ అనే ఊళ్లో, టైల్ ఫ్యాక్టరీ పెట్టింది. సుంకం సరిహద్దు దగ్గర పడుతుంది, ఫ్యాక్టరీ లోపలే ఉంటే దానికి తగలదు కదా.

రెండో కారణం బరువు. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ టైల్ వ్యాపారం మొత్తం దీని మీదే నడుస్తుంది. ఒక చదరపు మీటరు టైల్ సుమారు 22 కిలోలు అనుకోండి. 20 అడుగుల కంటైనర్‌లో 27 టన్నుల దాకా వేస్తారు. అంటే మహా అయితే 1200 చదరపు మీటర్లు. కంటైనర్ పైన సగం ఖాళీగానే ఉంటుంది, బరువు మాత్రం నిండిపోతుంది. కంటైనర్ కిరాయి 1000 డాలర్లు ఉంటే మీటరుకి 80 సెంట్ల చొప్పున పడుతుంది, ఫర్వాలేదు. అదే 6000 అయితే మీటరుకి 5 డాలర్లు, మామూలు రకం టైల్ ఖరీదంత కిరాయి! 2020, 21లో కోవిడ్ టైమ్‌లో కంటైనర్లు దొరక్క కిరాయిలు ఆకాశానికి వెళ్లాయి కదా, అప్పుడు దూరపు మార్కెట్లన్నీ చైనాకి బరువైపోయాయి. దగ్గరున్న ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, మలేషియా, థాయిలాండ్, కొరియా లాంటి దేశాలే మిగిలాయి.

మూడోది, ఇంటి గొడవ. చైనా చేసే టైల్స్‌లో ఎగుమతి సుమారు పదో వంతే, మిగతాదంతా అక్కడి అపార్ట్‌మెంట్లే మింగేవి. 2016, 17 ప్రాంతంలో ఏటా 1000 కోట్ల చదరపు మీటర్లు చేశారు. 2021లో ఎవర్‌గ్రాండ్ లాంటి పెద్ద బిల్డర్లు కూలబడ్డాక కట్టడాలు ఆగాయి, 2023కి ఉత్పత్తి 673 కోట్లకి దిగింది, 2024లో 600 కోట్ల లోపే. ఇంట్లో అమ్ముడుపోని సరుకు ఎక్కడికో ఒక చోటికి పోవాలి. అది పొరుగు దేశాల మీద పడింది, రేట్లు కోసుకుని మరీ అమ్మారు, దానితో ఇండోనేషియా కూడా 2024లో సుంకం వేసింది. అంటే మిగిలిన తలుపు కూడా సగం మూసుకుంది. పాపం కాదా అంటే, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ల కోణంలో నిజంగానే పాపం, కిల్న్ ఆపితే మళ్లీ వెలిగించడం మాటలు కాదు, అందుకే నష్టానికైనా కాలుస్తూనే ఉంటారు.

ఇప్పుడు నాకు అసలు ఆసక్తి ఉన్న భాగం, ఆఫ్రికా. కేడా కంపెనీ సన్‌డా అనే ఇంకో చైనా ట్రేడింగ్ కంపెనీతో కలిసి 2016లో కెన్యాలో, కజియాడో దగ్గర, టైల్ ఫ్యాక్టరీ మొదలుపెట్టింది. బ్రాండ్ పేరు ట్వైఫోర్డ్. ఆ తర్వాత ఘానా, టాంజానియా, సెనెగల్, జాంబియా, ఇలా వరుసగా పెట్టుకుంటూ పోయారు. సన్‌డాకి ఆఫ్రికాలో ఊరూరా డీలర్లు ముందే ఉన్నారు, కేడాకి మెషిన్లు సొంతం, మట్టి అక్కడే దొరుకుతుంది, బరువైన సరుకుని సముద్రం దాటించే పనే లేదు. ఇవాళ ఆ ఫ్యాక్టరీలన్నీ కలిపి ఏటా 10 కోట్ల చదరపు మీటర్లకి పైగా చేస్తున్నాయి. గమ్మత్తేంటంటే ఈ టైల్స్ ఏవీ చైనా ఎగుమతి లెక్కలో కనపడవు! కస్టమ్స్ కాగితాల్లో చైనా టైల్ తగ్గింది, కెన్యా ఇంట్లో నేల మీద చైనా కంపెనీ టైలే ఉంది. అందుకే ఎగుమతి అంకె ఒక్కటి చూసి చైనా పని అయిపోయింది అనే వీడియోలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ పద్ధతి మనకి కొత్తేం కాదు. యూఏఈ దేశానికి చెందిన ఆర్‌ఏకే సిరామిక్స్ మన సామర్లకోటలో ఫ్యాక్టరీ పెట్టి నడుపుతోంది కదా. టైల్ ఫ్యాక్టరీకి కావాల్సింది మట్టి, గ్యాస్, దగ్గర్లో కొనేవాళ్లు. అవి ఎక్కడుంటే అక్కడికి పోవడమే తెలివి.

ఇక మోర్బీ. చైనా ఖాళీ చేసిన జాగాలో కూర్చున్నది మనవాళ్లే. 2013లో మన దేశం పంపింది సుమారు 5 కోట్ల చదరపు మీటర్లు, 2023లో 59 కోట్ల దగ్గర, దాదాపు చైనాతో సమానం. డల్లాస్‌లో ఇల్లు కొన్న మన తెలుగువాళ్లు బాత్రూమ్ టైల్ బాక్స్ తిప్పి చూస్తే మేడ్ ఇన్ ఇండియా అని కనిపిస్తోందంటే కారణం ఇదే. సంతోషం, గర్వంగానే ఉంది. కానీ టెన్షన్ కూడా ఉంది, దాచుకోను. గల్ఫ్ దేశాలు 2020లో చైనాతో పాటు మన టైల్స్ మీద కూడా సుంకం వేశాయి. యూరప్ 2023లో 6.7 నుంచి 8.7 శాతం వేసింది. అమెరికాలో 2019లో చైనా మీద ఎలా ఫిర్యాదు చేశారో, 2024 ఏప్రిల్‌లో మన మీద కూడా అలాగే చేశారు. చైనా చేసేదాంట్లో ఎగుమతి పదో వంతు, మనం చేసేదాంట్లో నాలుగో వంతు దగ్గర. రేపు తలుపులు మూసుకుంటే దెబ్బ మనకే గట్టిగా తగులుతుంది.

పైగా మోర్బీలో ఒక ఫ్యాక్టరీ రేటు అర డాలర్ తగ్గిస్తే పక్క ఫ్యాక్టరీ ఇంకో పది సెంట్లు తగ్గించడం, ఈ పోటీయే చైనాని సుంకాల దాకా తీసుకెళ్లింది. చౌకగా అమ్మి ఎదిగిన దశ చైనాకి పాతికేళ్లు పట్టింది, ఆ టైమ్‌లో వాళ్లు మెషిన్ నేర్చుకున్నారు. మనం ఇప్పటికీ ప్రెస్సు, కిల్న్ కోసం ఫోషాన్‌కో ఇటలీకో ఆర్డర్ పెడుతున్నాం. నన్ను అడిగితే మోర్బీకి ఇంకో వంద ఫ్యాక్టరీల కంటే మన సొంత ప్రెస్సు చేసే మంచి కంపెనీ ఒక్కటి ఎక్కువ అవసరం. ఇది కోపంతో అనట్లేదు, ఆ ఊరు బాగుండాలనే అంటున్నాను.

ఇక ఇల్లు కట్టుకునేవాళ్లకి. ఎక్కడైనా పాత స్టాక్ చైనా టైల్ తక్కువకి ఇస్తామంటే, గోడకైతే ఆలోచించవచ్చు, హాల్‌లో నేలకి మాత్రం నేను వద్దంటాను. నాణ్యత కోసం కాదు, రేపు రెండు టైల్స్ పగిలితే అదే షేడు మళ్లీ దొరకదు. తీసుకోవాలనే ఉంటే అన్ని బాక్సుల మీద షేడ్ నంబర్, బ్యాచ్ నంబర్ ఒకటేనా చూసుకోండి, పది శాతం ఎక్కువ కొని అటక మీద పెట్టుకోండి, మేస్త్రీతో పని మొదలుపెట్టకముందే ఓ నాలుగు బాక్సులు విప్పి నేల మీద పరిపించి వెలుతురులో చూడండి.

నైరోబీ, దార్ ఎస్ సలామ్, అక్రాలో ఉన్న మనవాళ్లు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే, అక్కడ ట్వైఫోర్డ్ టైల్ రేటెంత, మోర్బీ టైల్ రేటెంత, రెండూ పక్కపక్కన దొరుకుతున్నాయా, మేస్త్రీలు దేన్ని ఇష్టపడుతున్నారో కామెంట్‌లో రాయండి. మీరు పంపిన రేట్లు పెట్టుకుని ఆఫ్రికా మీద విడిగా ఒక వీడియో చేస్తాను.