డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ రివ్యూ: పిన్ ఎవరి చేతిలో ఉంది?

హాయ్ అండీ, వైజాగ్ నుంచి మీ ముందుకొచ్చేశా. ఇదిగో చూడండి, పెన్‌డ్రైవ్‌లా ఉంది కదా, కాదండీ, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ ఇది, అంటే కంప్యూటర్‌లో ఫైళ్ల మీద మన సంతకం పెట్టే పరికరం, పిన్ కొడితేనే పనిచేస్తుంది, నెల్లాళ్లుగా వాడుతున్నా. ఇందులో ఫొటోలూ ఫైళ్లూ ఏమీ పెట్టుకోలేం, మన ప్రైవేట్ కీ, అంటే సంతకం పెట్టే రహస్య సంఖ్య, దీని చిప్‌లోనే పుట్టి దీంట్లోనే ఉంటుంది, ల్యాప్‌టాప్‌లో వైరస్ దూరినా ఆ కీని కాపీ కొట్టలేదు, నాకు బాగా నచ్చింది ఇదే. డ్రైవర్ ఇన్‌స్టాల్ చెయ్యడానికి మాత్రం ఓ పూట పట్టింది, ఆ విషయంలో చిరాకే.

సరే, టెస్ట్ చేద్దాం. 45,000 రూపాయల కొటేషన్ పీడీఎఫ్ ఇది, సంతకం పెట్టేశా, చూడండి గ్రీన్ టిక్. ఇప్పుడు ఆ 4 తీసేసి 9 పెట్టి సేవ్ చేస్తున్నా, మళ్లీ ఓపెన్ చేస్తే... చూశారా, ఎర్ర గుర్తు! ఎందుకంటే సంతకం పెట్టేటప్పుడు ఫైల్ మొత్తాన్నీ కలిపి 256 బిట్ల హ్యాష్, అంటే ఫైల్‌కి వేలిముద్ర లాంటి సంఖ్య, తీసి దాన్నే ప్రైవేట్ కీతో సైన్ చేస్తుంది, ఒక్క అంకె మారినా హ్యాష్ మారిపోతుంది, అందరికీ ఇచ్చే జత కీ, అదే పబ్లిక్ కీతో చెక్ చేస్తే దొరికిపోతుంది. కానీ గుర్తుంచుకోండి, ఇది ఫైల్‌ని దాచదు, చదివేవాళ్లు చదువుతారు, మార్చితే తెలుస్తుంది అంతే.

మీరు ఆర్‌కే బీచ్‌లో కూర్చుని ఎవరిదో వైఫైలో బ్యాంక్ సైట్ తెరిచినా లోపల జరిగేది ఇలాంటిదే, బ్యాంక్ సర్వర్ తన కీతో సైన్ చేసి చూపిస్తుంది, బ్యాంక్‌లా నటిస్తూ మధ్యలో దూరినోడి దగ్గర ఆ కీ ఉండదు కాబట్టి బ్రౌజర్ వార్నింగ్ ఇచ్చేస్తుంది.

అసలు భయమేసింది ఎక్కడంటే, గాజువాక ఆటోనగర్‌లో మా బావది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, టోకెన్ ఎక్కడుంది బావా అంటే ద్వారకానగర్‌లో జీఎస్‌టీ రిటర్నులు వేసే ఆడిటర్ గారి దగ్గరుంది అన్నాడు. వెళ్లి చూస్తే సొరుగు నిండా టోకెన్లు, ఒక్కోదానికి రబ్బరు బ్యాండు, కింద చీటీ మీద పిన్! ఐటీ చట్టం 2000 ప్రకారం ఆ సంతకం చెల్లుతుందండీ, ఎవరు నొక్కినా, కాదని రుజువు చేసుకునేదాకా పెట్టింది మా బావే అన్నట్టు లెక్క!

వెంటనే తెచ్చేసుకుని పిన్ మార్చాం. కీ కాపీ అవ్వదు కాబట్టి కొత్త సర్టిఫికెట్, అంటే ఈ కీ ఫలానా వాళ్లదే అని చెప్పే పత్రం, కొనక్కర్లేదు, టోకెనే పోతే మాత్రం సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లకి చెప్పి రివోక్, అంటే రద్దు, చేయించాల్సిందే. ఇప్పుడు జీఎస్‌టీ రిటర్న్ వేసే రోజు బావే బండేసుకుని ద్వారకానగర్ వెళ్లి పిన్ తనే కొట్టి, టోకెన్ పీకి జేబులో వేసుకుని వస్తున్నాడు.