ముందు సిల్స్, ఆ తర్వాతే ఇంజన్

అందరికీ నమస్కారం. పాత ఎంజీబీ స్పోర్ట్స్ కారు కొనుక్కుని ఇంటి గ్యారేజీలోనే బాగుచేసుకోవాలని ఉందని మీలో కొందరు అడిగారు. ఇంగ్లండ్‌లో ఉంటున్న మనకు అది అందని కోరికేమీ కాదు. 1962 నుంచి 1980 దాకా ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అబింగ్డన్‌లో తయారైన కారు ఇది. కప్పు ఉన్న జీటీ మోడల్‌తో కలిపి ఐదు లక్షలకు పైనే వచ్చాయి కాబట్టి స్పేర్ పార్ట్స్ ఇప్పటికీ దొరుకుతున్నాయి.

కారు ఇంటికి రాగానే చెయ్యి బానెట్ మీదకే పోతుంది. ఇంజన్ స్టార్టయితే సగం పని అయిపోయినట్టే అనిపిస్తుంది. దయచేసి ముందు నేల మీద పడుకుని తలుపుల కింద చూడండి. అంతకుముందు వచ్చిన ఎంజీఏ కారుకి బాడీని మోసే ఛాసిస్ అనే చట్రం విడిగా ఉండేది. ఎంజీబీకి బాడీయే ఛాసిస్. కప్పు లేని రోడ్‌స్టర్‌లోనైతే కారు మధ్యలో వంగకుండా ఆపే భారం చాలావరకు తలుపుల కింద ఉండే సిల్స్ మీదే పడుతుంది. బయటికి కనిపించేది ఒక్క రేకే. దాని వెనక నిలువుగా మరో రేకు, ఆ లోపల ఇన్నర్ సిల్ ఉంటాయి. ముందు చక్రం చిమ్మిన బురద ఫెండర్ వెనక పేరుకుంటుంది, తడి ఆరదు. తుప్పు అక్కడ మొదలై సిల్ లోపలికి పాకుతుంది. పైన పుట్టీ పెట్టి రంగు వేసేస్తే కంటికి ఏమీ తెలియదు. అందుకే కారు చూడ్డానికి వెళ్లేటప్పుడు జేబులో అయస్కాంతం పెట్టుకెళ్లండి. పుట్టీ మందంగా ఉన్నచోట అది పట్టదు. తలుపు సందు కూడా చూడండి. పైన ఇరుకుగా, కింద వెడల్పుగా ఉంటే బాడీ మధ్యలో కుంగిందని అనుమానించాలి.

సిల్ కోసెయ్యడం తేలిక. కోశాక బాడీని నిలబెట్టేది ఏముంటుందన్నదే అసలు ప్రశ్న. కుంగిన బాడీని అలాగే ఉంచి కొత్త సిల్ వెల్డ్ చేస్తే ఆ వంకర ఇక పోదు. కారును సమతలంగా స్టాండ్ల మీద నిలిపి, తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప గొట్టం బిగించి, ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోవాలి. ముందు చిన్న చిన్న ట్యాకులే, అంటే అక్కడక్కడా చుక్కల్లాంటి వెల్డులే వేయండి. మధ్యమధ్యలో తలుపు పెట్టి మూసి చూడండి. సరిగ్గా పడుతోందంటేనే పూర్తి వెల్డింగ్. నెలలు పట్టినా పర్వాలేదు, ఇక్కడ తొందరపడితే తర్వాత వేసే రంగూ సీట్లూ అన్నీ వృథా. వెల్డింగ్‌కి ముందే పెట్రోల్ ట్యాంకు దించి దూరంగా పెట్టండి, బ్యాటరీ తీసేయండి. జాకీ ఒక్కటే మోస్తున్న కారు కిందికి ఎంత చిన్న పనికైనా దూరొద్దు.

బాడీ మరీ పాడైతే ఇంకో దారి ఉంది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988 నుంచి అప్పటి ఒరిజినల్ అచ్చులతోనే కొత్త ఎంజీబీ బాడీలు తయారుచేస్తోంది. ఉత్పత్తి ఆగిపోయిన కారుకి మళ్లీ కొత్త ఒళ్లు దొరకడం నాకు ఇప్పటికీ అద్భుతంగానే ఉంటుంది.

ఇంజన్ గురించి తక్కువే చెబుతాను. 1798 సీసీ, నాలుగు సిలిండర్లు, బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. దీని బోల్టులు అంగుళాల కొలతలవి, మిల్లీమీటరు పానాలు పెడితే అంచులు అరిగిపోతాయి. నాకు బాగా ఇష్టమైనవి పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కి పంపే రెండు ఎస్‌యూ కార్బురేటర్లు. ఇంజన్ వేడెక్కి నిదానంగా తిరుగుతున్నప్పుడు కార్బురేటర్ లోపలి పిస్టన్‌ను ఒక్క మిల్లీమీటరు పైకి లేపి వినండి. వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోల్ ఎక్కువైంది. ఆగిపోబోతే తక్కువైంది. కాస్త పెరిగి వెంటనే సర్దుకుంటే సరిపోయింది. దీనికి చెవి ఉంటే చాలు.

వైరింగ్‌లో ఒక్క మాట. 1967 దాకా వచ్చిన కార్లలో బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి కలిపారు. కొత్త రేడియో బిగించే ముందు అది చూసుకోకపోతే రేడియో కాలిపోతుంది. పెట్రోల్ గొట్టాలు కూడా మార్చేయండి. 2021 నుంచి ఇక్కడ మామూలుగా అమ్ముతున్న ఈ10 పెట్రోల్‌లో ఇథనాల్ ఎక్కువ, పాత రబ్బరు దానికి తట్టుకోదు. ఇథనాల్ తక్కువుండే ఈ5 పోయించుకోవడం మేలు.

40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని కార్లకు 2018 నుంచి ఎంఓటీ, అంటే ఏటా చేసే భద్రతా పరీక్ష, తప్పనిసరి కాదు. అయినా ఏటా చేయించండి. మీరు వేసిన వెల్డింగ్‌ను లిఫ్ట్ మీద పెట్టి, కింద నుంచి ఇంకొకరు చూడాలి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.