ఎపిసోడ్ 61: ఏఐ గీసిన బొమ్మ ఎవరిది?

తమ్ముడు: ఇవాళ ఏఐ బొమ్మలు, కాపీరైటు. మధ్యలో వేరే కథలెత్తకక్కా.

అక్క: సరే, కానీ.

తమ్ముడు: 2022లో అమెరికాలో కొలరాడో స్టేట్ ఫెయిర్‌లో జేసన్ అలెన్ అనే ఆయన మిడ్‌జర్నీ అనే ఏఐతో చేసిన బొమ్మకి డిజిటల్ విభాగంలో మొదటి బహుమతి వచ్చింది. 300 డాలర్లు. కనీసం 624 సార్లు మాటలు మార్చి మార్చి అడిగితేగానీ రాలేదట. అయినా కాపీరైట్ ఆఫీసు 2023లో దానికి కాపీరైటు కుదరదంది.

అక్క: సంతకం పెట్టాడా?

తమ్ముడు: మొదలెట్టావా!

అక్క: కాదురా, నిన్న నువ్వు ఏఐతో చేసిన మన కవర్ బొమ్మ తియ్యి. కింద కుడి మూల పెద్దది చేసి చూడు.

తమ్ముడు: ఏదో మరక.

అక్క: మరకా? ఒక పొడుగు గీత, కింద రెండు మెలికలు, చివర తోక పైకి లాగి ఉంది. అక్షరం ఒక్కటీ లేదు. ఏఐకి నేర్పేటప్పుడు చూపించిన బొమ్మల్లో సంతకాలున్నాయి కాబట్టి, బొమ్మన్నాక మూలన ఓ గిలుకుడు ఉండాలనుకుంది. ఫొటోలమ్మే గెట్టీ ఇమేజెస్ వాళ్ళు కోర్టుకెళ్ళినప్పుడూ ఇదే గోల. వాళ్ళు ఫొటోల మీద వేసుకునే గుర్తు, వాటర్‌మార్కు, వంకరటింకరగా స్టేబుల్ డిఫ్యూజన్ అనే ఏఐ గీసిన బొమ్మల్లో తేలింది.

తమ్ముడు: నువ్వు మాత్రం పత్రికల్లో బొమ్మలు చూసి గీయలేదా?

అక్క: గీశా. రోజుకొకటి. కింద నా పేరు రాసుకున్నా. ఏఐలకి నేర్పడానికి చేసిన లైయాన్-5బి జాబితాలో 585 కోట్ల బొమ్మల లింకులుండేవి. అన్ని చూశానా నేను? గీసినవాళ్ళని అడిగి పెట్టారా?

తమ్ముడు: 2018లో క్రిస్టీస్ వేలంలో 4,32,500 డాలర్లకి అమ్ముడైన ఏఐ బొమ్మ మీద సంతకం ఉందిగా!

అక్క: ఉంది, లెక్కల సూత్రం! దాని వెనకున్న కోడ్‌లో చాలావరకు రాబీ బ్యారట్ అనే కుర్రాడు నెట్‌లో ఊరికే పెట్టింది. డబ్బు వేరేవాళ్ళకి. ఉండు, గొంతు ఆరిపోయింది, మంచినీళ్ళు తెచ్చుకుంటా.

తమ్ముడు: అక్క లేదు కాబట్టి చకచకా చెప్పేస్తా. చికాగో యూనివర్సిటీ వాళ్ళు గ్లేజ్ అని ఒక సాఫ్ట్‌వేర్ చేశారు. బొమ్మలో కంటికి ఆనీ ఆనని మార్పులు చేస్తుంది, ఏఐకి ఆ శైలి సరిగ్గా అంతుపట్టకుండా. ఇంకా సమ్మతి, పరిహారం... ఆ, వచ్చేసింది.

అక్క: అవునూ, మన పాత కవర్లు వేసిన అమ్మాయికి చెప్పావా?

తమ్ముడు: ఏం చెప్పను... ఈ నెల బొమ్మ ఏమిటని మెసేజ్ పెట్టింది. బొటనవేలు ఎమోజీ పెట్టి ఊరుకున్నా.

అక్క: బొటనవేలా? నలభై కవర్లు వేసిన పిల్లకి?

తమ్ముడు: డబ్బుల సంగతి నీకు తెలుసుగా.

అక్క: తెలుసు. ఆ ముక్క తనకి చెప్పొచ్చుగా.

తమ్ముడు: ...సరే, కవర్ మార్చేస్తా.

అక్క: వద్దు. అలాగే ఉంచు, ఆ సంతకంతో సహా. వినేవాళ్ళూ చూడనీ.

తమ్ముడు: అది లేదక్కా.

అక్క: ఏది?

తమ్ముడు: మరక. ఇందాక నువ్వు లేచినప్పుడు చెరిపేశా.

అక్క: ...

తమ్ముడు: అక్కా, హెడ్‌ఫోన్లు తీసేస్తావేంటి, ఇంకా ఉత్తరాలు చదవా—