ఎలుకలు రాలితే ఊరు ఖాళీ

సభకు నమస్కారం.

హైదరాబాద్‌లో అంటురోగాల కథ చెప్పమంటే ఎవరైనా చార్మినార్ దగ్గరే మొదలుపెడతారు. ప్లేగు తగ్గినందుకు 1591లో కట్టారని చిన్నప్పటి నుంచి వింటున్నాం. చరిత్రకారులందరూ ఒప్పుకోరు, ఆ గొడవ ఇవాళ వద్దు. నేను మాట్లాడేది రోగం గురించి కాదు, భయం గురించి. జనం హడలిపోతే చదువుకున్నవాళ్లం వెంటనే మూర్ఖత్వం అనేస్తాం. అది అన్యాయమని నా అభిప్రాయం.

1896లో బొంబాయిలో ప్లేగు బయటపడింది. రోగిని ఇంట్లోంచి బలవంతంగా ఆస్పత్రికి తీసుకుపోయేవాళ్లు. వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. లోపల మనుషుల ఒంట్లోంచి నూనె తీస్తున్నారని పుకారు లేచింది. అక్టోబరులో మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్ ఆస్పత్రి మీద దాడి చేశారు. నూనె మాట పచ్చి అబద్ధమే. కానీ పోయినవాళ్లు రావట్లేదన్నది కళ్లెదుటి నిజం కదా! మరుసటి ఏడాది పుణేలో సోల్జర్లు ఇళ్లలోకి దూరి సోదాలు చేశారు. జూన్ 22న ప్లేగు అధికారి ర్యాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు.

మరి పల్లెల్లో? ఇంట్లో ఎలుకలు చచ్చి పడితే చాలు, మూటాముల్లె సర్దుకుని ఊరి బయట గుడిసెలు వేసుకునేవాళ్లు. అధికారులేమో కార్బాలిక్ అనే క్రిములను చంపే మందు కలిపిన నీళ్లతో ఇళ్లు, కాలువలు కడిగించారు. ఎలుకల ఒంటి మీద రక్తం తాగే చిన్న పురుగు ఈ రోగాన్ని మోస్తుందని 1898లో ఫ్రెంచ్ డాక్టర్ సిమోన్ చెప్పాడు. అంటే ఇల్లు వదిలి పారిపోయినవాళ్ల లెక్కే సరైంది! వాళ్లని పిరికివాళ్లనడం ఎంత తేలిక.

అలాగని అన్ని పరుగులూ మంచివని కాదు. 1994లో సూరత్‌లో ప్లేగు అనగానే లక్షల మంది రైళ్లెక్కారు. ప్రైవేటు డాక్టర్లు కొందరు క్లినిక్‌లు మూసి వాళ్లకన్నా ముందే వెళ్లిపోయారు. డాక్టరే లేని ఊళ్లో ధైర్యంగా ఉండమని ఎవరికి చెబుతాం?

కరోనా మొదట్లో మన బస్తీల్లోనూ జ్వరం దాచుకున్నారు. వీధిలోకి అంబులెన్స్ వస్తుందన్న టెన్షన్, ఆ తర్వాత ఇరుగుపొరుగు చూసే చూపు. జరిమానాలతో పోయే భయం కాదది.

బొంబాయిలో ప్లేగు టీకా తయారుచేసిన హాఫ్కిన్ 1897 జనవరిలో మొదటి సూది తనకే వేసుకున్నాడు. 2020 ఫిబ్రవరిలో కోడి మాంసంతో కరోనా వస్తుందన్న పుకారుకు చికెన్ ధర పడిపోతే, మన మంత్రులు హైదరాబాద్‌లో స్టేజీ ఎక్కి చికెన్ తిన్నారు. అందరం నవ్వుకున్నాం. నాకు మాత్రం ఆ పద్ధతి నచ్చింది. తినమని సర్క్యులర్ పంపలేదు, జనం కళ్లెదుటే తిన్నారు.