పేరు పంపితేనే పరీక్ష

హోస్ట్: నమస్తే అక్కా. అమెరికా ప్రభుత్వ బడుల్లో తెల్లజాతి పిల్లలకీ, నల్లజాతి, హిస్పానిక్ (అంటే లాటిన్ అమెరికా మూలాలున్న) పిల్లలకీ చదువులో ఉన్న తేడా గురించి మాట్లాడుకుందామనుకున్నాం. మీరేమో ఒక్క గిఫ్టెడ్ టెస్టు గురించే, అంటే బాగా చురుకైన పిల్లల్ని ప్రత్యేక చదువు కోసం గుర్తించే టెస్టు గురించే చెప్తానన్నారు.

టీచర్: అవును తమ్ముడూ. మొత్తం చెప్పాలంటే ఇళ్ళ దగ్గర్నుంచి, బడులకి డబ్బొచ్చే ఆస్తి పన్నుల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. అది పెద్ద కథ. నేను ఫ్లోరిడాలో రెండో తరగతి టీచర్ని. నా చేతిలో ఉన్నదాని గురించి చెప్తాను.

హోస్ట్: చెప్పండక్కా.

టీచర్: మయామీకి ఉత్తరాన బ్రోవార్డ్ కౌంటీ ఉంది. ఒకప్పుడు అక్కడి ప్రభుత్వ బడుల్లో రెండున్నర లక్షలకు పైగా పిల్లలు ఉండేవాళ్ళు. సగానికి పైగా నల్లజాతి, హిస్పానిక్ పిల్లలే. కానీ మూడో తరగతిలో గిఫ్టెడ్ అని గుర్తించిన వాళ్ళలో వీళ్ళు 28 శాతమే.

హోస్ట్: ఎందుకలా?

టీచర్: అప్పట్లో టీచరో, తల్లిదండ్రులో పిల్ల పేరు పంపితేనే ఐక్యూ టెస్టు. అందులో 130 రావాలి. పేద ఇళ్ళ పిల్లలకీ, ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్న వాళ్ళకీ 116 చాలు. చూడు, సడలింపు ముందే ఉంది. అయినా ఆ పిల్లల పేర్లు పంపేవాళ్ళు తక్కువ.

హోస్ట్: మన తెలుగువాళ్ళు ఈ విషయంలో చాలా ముందుంటారక్కా. డాలస్‌లో మా చుట్టుపక్కల వర్క్‌బుక్కులు, కోచింగ్... పేరు పంపే ఫారం గడువు ముందుగా వాట్సాప్ గ్రూపులోనే తెలిసిపోతుంది.

టీచర్: మా వాడికి నేనూ ఫారం నింపాను, అది తప్పనను. కానీ రాత్రి షిఫ్టులో హోటల్ గదులు శుభ్రం చేసే అమ్మకి అలాంటి ఫారం ఒకటి ఉందని ఎవరు చెప్తారు? 2005లో బ్రోవార్డ్ ఆ పద్ధతి మార్చింది. రెండో తరగతిలో ప్రతి పిల్లకీ ఒక చిన్న పరీక్ష పెట్టారు. అన్నీ బొమ్మలు, ఆకారాలు, వరసలే. భాషతో పనిలేదు. అందులో బాగా చేసినవాళ్ళని స్కూల్ సైకాలజిస్టు దగ్గరికి ఐక్యూ టెస్టుకి పంపారు.

హోస్ట్: ఏమైంది?

టీచర్: హిస్పానిక్ పిల్లల్లో గిఫ్టెడ్ అయినవాళ్ళు 2 శాతం నుంచి 6 శాతానికి పెరిగారు. నల్లజాతి పిల్లల్లో 1 నుంచి 3కి. తెల్లజాతి పిల్లల్లోనూ 6 నుంచి 8కి. డేవిడ్ కార్డ్, లారా జూలియానో అనే ఆర్థికవేత్తలు దీన్ని లెక్కలతో సహా 2016లో రాశారు. పాత పద్ధతిలో ఆడపిల్లల పేర్లు కూడా తక్కువగానే వెళ్ళేవని అందులో తేలింది.

హోస్ట్: ఆడపిల్లలు కూడానా!

టీచర్: అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నా క్లాసులో ఒక హైతీ పాప ఉండేది. ఇంట్లో క్రియోల్ మాట్లాడతారు. పజిల్ ఇస్తే అందరికంటే ముందు ముగించి, చేతులు కట్టుకుని కూర్చునేది. ఇంగ్లీషు చదవడం నెమ్మది కదా అని నేను ఆ పాప పేరు పంపలేదు. ఇంకెవరో కాదు, నేనే పంపలేదు.

హోస్ట్: (కాసేపాగి) సరే అక్కా, గుర్తించాక మాత్రం లాభం ఉందా? పేరుకేనా?

టీచర్: ఉంది. అక్కడ ఒక బడిలో నాలుగు, ఐదు తరగతుల్లో ఒక్క గిఫ్టెడ్ పిల్ల ఉన్నా సరే, ప్రత్యేక సెక్షన్ పెట్టాలని నియమం ఉండేది. మిగతా సీట్లు అదే బడిలో నిరుడు మంచి మార్కులు వచ్చినవాళ్ళకి ఇచ్చేవాళ్ళు. ఆ సీట్లలో చేరిన నల్లజాతి, హిస్పానిక్ పిల్లలు లెక్కల్లో, చదవడంలో బాగా పైకొచ్చారు. మామూలు సెక్షన్లలో ఉండిపోయిన పిల్లల చదువేమీ దెబ్బతినలేదు. అవే బడులు, అవే ఇళ్ళు.

హోస్ట్: మరి అన్ని జిల్లాలూ ఇదే చేయొచ్చు కదా?

టీచర్: బ్రోవార్డే ఆపేసింది తమ్ముడూ! ఆర్థిక మాంద్యంలో బడ్జెట్ కోతల్లో ఇది కూడా పోయింది. తేడా మళ్ళీ పాత స్థాయికి వచ్చేసింది. తర్వాత మరో రూపంలో తెచ్చారు గానీ, మధ్యలో రెండో తరగతి దాటిపోయిన పిల్లలకి ఆ వయసు తిరిగిరాదు కదా.

హోస్ట్: వింటున్న తల్లిదండ్రులు ఏం చేయొచ్చంటారు?

టీచర్: స్కూల్ బోర్డు మీటింగులకి రండి. మా పిల్లకి టెస్టు ఎప్పుడు అని ఎలాగూ అడుగుతారు. దాంతోపాటు, మొత్తం రెండో తరగతికి ఎప్పుడు పెడుతున్నారు, సైకాలజిస్టులు ఎంతమంది ఉన్నారు, ఈ ఏడాది బడ్జెట్‌లో దానికి డబ్బు పెట్టారా అని అడగండి. మీటింగులో మైకు ముందు ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలే ఇస్తారు, కాబట్టి ఆ మూడూ కాగితం మీద రాసుకుని రండి.