మెషీన్ కొనాలా, లీజుకు తీసుకోవాలా?

అందరికీ నమస్కారం. గాజువాక ఆటోనగర్‌లో కొత్త మెషీన్ తీసుకోబోయే ప్రతివాళ్లూ అడిగేదొకటే: "లీజు చవకా, లోను చవకా?" లెక్క వేస్తే తేలుతుంది. కాకపోతే లెక్కలో ఏ రేటు పెట్టామన్నదాన్ని బట్టి జవాబే తిరగబడుతుంది. ఈరోజు నేను చెప్పదలచుకుంది అదే.

ముందు పెట్టుబడి ఖరీదు, అంటే వ్యాపారంలో పెట్టే డబ్బు మనకు ఏటా ఎంత శాతానికి పడుతుందో చూద్దాం. బ్యాంకు 11 శాతానికి అప్పిస్తే మీ మీద పడే భారం అంత ఉండదు. వడ్డీని ఖర్చులో చూపిస్తాం కాబట్టి పన్ను తగ్గుతుంది. రాయితీలు వదులుకుని 22 శాతం పన్ను ఎంచుకున్న కంపెనీకి సర్‌చార్జీ, సెస్సు కలిపితే 25.17 శాతం. ఆ మేరకు తీసేస్తే అప్పు ఖరీదు 8.23 శాతం. ఇక సొంత డబ్బు. దానికి వడ్డీ అడిగేవాళ్లు లేరు కాబట్టి ఊరికే వచ్చినట్టు అనుకుంటాం. అదే డబ్బు ఇంకోచోట పెడితే ఎంత వచ్చేది? పైగా వ్యాపారం దెబ్బతింటే ముందు పోయేది అదే. అందుకే దాని ఖరీదు అప్పుకంటే ఎక్కువ. 18 శాతం అనుకుందాం. సొంతం 60, అప్పు 40 పాళ్లయితే సగటు దాదాపు 14.1 శాతం.

ఈ 14.1 దేనికి? ఆ మెషీన్ మీద వచ్చే ఆదాయం గిట్టుబాటవుతుందా లేదా చూడటానికి. గిట్టుబాటేనని తేలాక లీజా, లోనా అన్నది వేరే ప్రశ్న. లీజు అద్దె కూడా బ్యాంకు వాయిదాలాగే, ఆర్డర్లున్నా లేకపోయినా కట్టి తీరాల్సిందే. కాబట్టి అక్కడ వాడాల్సింది అప్పు రేటు, 8.23.

40 లక్షల సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే) మెషీన్ అనుకోండి. లీజుకైతే ఐదేళ్లపాటు ఏటా పదిన్నర లక్షలు, ఏడాది చివర కడతారు, ఆపైన మెషీన్ వాళ్లకే వెళ్లిపోతుంది. రేపు కట్టే రూపాయి ఈరోజు రూపాయికంటే తక్కువే కాబట్టి, ఏటా ఆ రేటు చొప్పున తగ్గించి చూస్తే వచ్చేదే నేటి విలువ. పన్ను పోను ఆ అద్దెల నేటి విలువ 8.23 రేటుతో 31.2 లక్షలు. కొంటే 40 లక్షల్లోంచి రెండింటి నేటి విలువ తీసేయాలి: మెషీన్ అరుగుదలకు ఏటా మిగిలిన విలువ మీద 15 శాతం ఖర్చుగా చూపే తరుగుదల వల్ల మిగిలే పన్ను, ఐదేళ్ల తర్వాత అమ్మితే వచ్చే సొమ్ము. అది 12 లక్షలనుకుంటే కొనుగోలు ఖర్చు 27.4 లక్షలే. కొనడమే మేలు.

ఇదే లెక్క 14.1తో వేయండి. లీజు 26.9, కొనుగోలు 29.8! అద్దెలు రాబోయే ఏళ్లలో ఉన్నాయి కాబట్టి, రేటు పెంచేకొద్దీ అవి చిన్నవిగా కనిపిస్తాయి. లీజు ఏజెంటు తెచ్చిన షీట్‌లో ముందు ఆ రేటు గడి చూడండి, అద్దె సంగతి తర్వాత.

సరైన రేటు వాడినా ఇంకో చిక్కుంది. ఆ 12 లక్షలు మన ఊహే. రీసేల్‌లో 6.3 లక్షలకు మించి రాకపోతే లీజే చవక. విశాఖలో సముద్రపు గాలికి తుప్పు ఎంత త్వరగా పడుతుందో మీకు తెలియంది కాదు. అందుకని బ్యాంకుకు వెళ్లేలోపు సెకండ్ హ్యాండ్ మెషీన్లు కొనేవాళ్ల దగ్గరికెళ్లి, ఐదేళ్లు నడిచిన అదే మోడల్‌కు ఎంతిస్తారో అడగండి. లీజు కాగితంలో బీమా ఎవరు కట్టాలో కూడా చదవండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూసిన ఊరు మనది. చాలా ఒప్పందాల్లో ఆ బరువు అద్దెకు తీసుకున్నవాళ్ల మీదే ఉంటుంది, కాబట్టి ఆ ప్రీమియం కొనుగోలు ఖర్చులోనే కాదు, లీజు ఖర్చులో కూడా కలిపి చూడండి.