హాస్టల్ గదికి రాని బిల్లు

గౌరవనీయులైన అధ్యాపకులకు, వార్డెన్ గారికి, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

ఇంట్లో ఫ్యాను ఆపకుండా బయటికి వెళితే నెలాఖరున బిల్లు చూసినవారు ఎవరో ఒకరు అడుగుతారు. హాస్టల్లో కరెంటు, నీళ్లు, భోజనం అన్నింటికీ కలిపి ఒకేసారి ఫీజు కట్టేస్తాం కాబట్టి, ఎంత వాడినా మన జేబుకు తేడా తెలియదు. హాస్టళ్లలో జరిగే వృథాకు విద్యార్థుల నిర్లక్ష్యం కంటే ఈ ఏర్పాటే పెద్ద కారణమని నా అభిప్రాయం. అందుకే గోడల మీద పొదుపు సూక్తులు రాయించడం కంటే, ఏది ఎంత ఖర్చవుతోందో వాడేవారి కంట పడేలా చేయడం మేలు.

ప్లగ్గులో ఛార్జర్ వదిలేశావని రూమ్మేటును మందలిస్తాం గానీ, ఫోను పూర్తిగా ఛార్జ్ కావడానికి పట్టే కరెంటు యూనిట్‌లో సుమారు 50వ వంతు మాత్రమే. అదే 20 లీటర్ల బకెట్ నీళ్లు 20 డిగ్రీల మేర వేడెక్కాలంటే దాదాపు అర యూనిట్ కావాలి. అంటే ఒక్కరి స్నానానికి పట్టే కరెంటుతో ఫోనును 20 సార్లకు పైగా ఛార్జ్ చేసుకోవచ్చు. నిమిషానికి 9 లీటర్లు వదిలే షవర్ కింద 10 నిమిషాలు నిలబడితే 90 లీటర్లు పోతాయి, వాటిని వేడి చేసిన కరెంటు కూడా వాటితోనే పోతుంది. కాబట్టి మన శ్రద్ధ ముందుగా గీజర్ మీద పెట్టాలి. ఛార్జర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

అంతస్తుకొక సబ్‌మీటరు, అంటే ఆ అంతస్తు వాడిన కరెంటును విడిగా చూపే మీటరు, బిగించి, వారం వారం రీడింగును మెట్ల దగ్గర బోర్డు మీద రాయించమని వార్డెన్ గారిని కోరుతున్నాను. అన్ని అంతస్తుల్లోనూ ఒకే సంఖ్యలో విద్యార్థులు ఉండరు గనుక, పక్క అంతస్తుతో పోటీ పెట్టకుండా ఎవరి గతవారం లెక్కతో వారే పోల్చుకోవడం న్యాయం.

సెకనుకు ఒక చుక్క కారే కుళాయి రోజుకు 4 లీటర్లకు పైగా వృథా చేస్తుంది. అందరూ చూస్తారు, ఇంకెవరో చెప్పి ఉంటారులే అనుకుంటారు. ఫిర్యాదు చేసినవారు ఆ తేదీ రాసిన అట్టముక్కను కుళాయికి దారంతో కడితే, చెప్పారో లేదో తర్వాత వచ్చినవారికి తెలుస్తుంది, ఎన్నాళ్లుగా బాగుచేయలేదో ఆఫీసుకూ తెలుస్తుంది.

మెస్సులో పారేసే అన్నం చెత్తగుట్టల అడుగున గాలి తగలకుండా కుళ్లితే మీథేన్ వాయువు పుడుతుంది. 100 ఏళ్ల కాలానికి లెక్కిస్తే, అది అంతే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా వాతావరణాన్ని వేడెక్కిస్తుంది. కొంచెం వడ్డించుకుని మారు అడిగే వీలుండాలి. మారు వడ్డించడానికి విసుక్కునే మెస్సులో పళ్లేలు మొదటే నిండుతాయి, సగం అలాగే మిగులుతాయి.

ఇక ఏడాది చివర్లో వరండాల్లో పడి ఉండే పరుపులు, బకెట్లు, హ్యాంగర్ల విషయం. వీటిని వేసవి సెలవుల్లో దాచడానికి ఒక ఖాళీ గది, దాని తాళానికి బాధ్యత వహించే ఇద్దరు విద్యార్థులు ఉంటే చాలు, కొత్తగా చేరేవారు వాటిని ఉతికి, కడిగి వాడుకోగలరు. ఎక్స్‌టెన్షన్ బోర్డులను మాత్రం ఎలక్ట్రీషియన్ పరీక్షించాకే ఇవ్వాలి.